జన్యువులకూ తూములున్నాయి

"మా నాయనకు షుగరు. మా పెదనాన్నకు షుగరు. మా వంశంలోనే ఉంది డాక్టరు గారూ. ఎంత జాగ్రత్తగా ఉన్నా నాకూ రాక మానదు. ఇక నోరు కట్టుకోవడం ఎందుకు?"

బందరు వాళ్ల నోటా, గుడివాడ వైపు నుంచి వచ్చేవాళ్ల నోటా ఓపీలో తరచూ వినే మాట ఇది. ఇంకో మాట ఉంది. అది దివిసీమ పల్లెల నుంచి కోడల్ని వెంటబెట్టుకొచ్చే అత్తగార్ల నోట వినిపిస్తుంది. "మూడో నెల వచ్చాక చూపిద్దామని ఆగామండీ. అప్పటిదాకా మందూ మాకూ ఎందుకులే అనుకున్నాం."

మొదటి మాటలో ఉన్నది నిరాశ. రెండో మాటలో ఉన్నది ప్రేమే, కాని ఆలస్యం. ఈ రెండు మాటలకూ జవాబు ఒకే చోట ఉంది. అది మన కణాల లోపల, జన్యువులను నడిపించే కొన్ని ప్రోటీన్ల పనిలో ఉంది. ఆ పని గురించిన శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. పేరు చూసి భయపడకండి. కాలువ నీటితో బతికే మనకు ఇది అర్థం కాని సంగతి కాదు.

అన్ని కణాల్లోనూ ఒకే రాత

మనలో ప్రతి ఒక్కరం ఒకే ఒక్క కణంగా మొదలయ్యాం. ఆ కణం రెండై, నాలుగై, కోట్లకు కోట్లయింది. మొదటి కణంలో ఉన్న డీఎన్ఏ మిగతా కణాలన్నిటికీ నకలుగా అందింది. అందులో సుమారు 20 వేల జన్యువులున్నాయి. ఒక్కో జన్యువు ఏదో ఒక ప్రోటీన్‌ను ఎలా తయారు చేయాలో చెప్పే సూచన.

మరి అన్నిటిలోనూ ఒకే రాత ఉంటే, కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎందుకున్నాయి? ఇన్సులిన్ తయారు చేసే జన్యువు మన కంటి కణంలోనూ ఉంది, చర్మంలోనూ ఉంది. అయినా ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోని బీటా కణాల్లోనే. మిగతా చోట్ల ఆ జన్యువు ఉన్నా మూతపడి ఉంటుంది. అంటే జన్యువు ఉండటం ఒక సంగతి, అది పని చేయడం ఇంకో సంగతి.

పొలం, తూము, లస్కరు

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీరు కాలువల వెంట వచ్చి, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకు చేరుతుంది. కాలువలో నీరు పారినంత మాత్రాన ప్రతి పొలమూ తడవదు. తూము తెరవాలి. తలుపు ఎత్తేందుకు లస్కరు రావాలి. ఏ తూము ఎంత ఎత్తాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్నదాని మీదే పంట ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి శివారు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొలం మంచిదే, విత్తనమూ మంచిదే, తూము మూసేస్తే పంట లేదు. కోత ముందు తూము తెరిచి పెట్టినా పంట దక్కదు.

కణంలో జన్యువు పొలం లాంటిది. తూములు తెరిచే, మూసే లస్కర్ల పని చేసేవే ఎపిజెనెటిక్ ప్రోటీన్లు.

ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక్క కణంలోని డీఎన్ఏ పోగును సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవుంటుంది. అది కంటికి కనిపించనంత చిన్న కేంద్రకంలో ఇమడాలి. అందుకని హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ, కండెకు దారం చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. ఎనిమిది హిస్టోన్లు కలిస్తే ఒక కండె. దారం బిగుతుగా ఉన్న చోట జన్యువును చదివే యంత్రాంగం లోపలికి పోలేదు. తూము మూసినట్టే. వదులుగా ఉన్న చోట చదవగలదు. తూము తెరిచినట్టే.

ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలియడానికి కణం చిన్న చిన్న రసాయన గుర్తులు పెట్టుకుంటుంది. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తు పడితే ఆ జన్యువు సాధారణంగా మూతపడుతుంది. హిస్టోన్ల మీద ఎసిటైల్ గుర్తు పడితే దారం వదులై జన్యువు తెరుచుకుంటుంది. ఈ గుర్తులతో పని చేసే ప్రోటీన్లు మూడు రకాలు.

గుర్తు పెట్టేవి మొదటి రకం. గుర్తును చదివి, దాని ప్రకారం మిగతావారిని పిలిచేవి రెండో రకం. పని అయిపోయాక గుర్తును చెరిపేవి మూడో రకం.

కణం రెండుగా విడిపోయేటప్పుడు డీఎన్ఏతో పాటు మిథైల్ గుర్తులను కూడా నకలు తీసే ప్రోటీన్ ఒకటుంది. అలాంటి ఏర్పాట్ల వల్లే కాలేయ కణం విడిపోతే రెండు కాలేయ కణాలే అవుతాయి, అందులోంచి వెంట్రుక మొలవదు. 'ఎపిజెనెటిక్స్' అనే మాటను 1942లో బ్రిటన్ శాస్త్రవేత్త వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చారు. హైదరాబాదులోని సీసీఎంబీలో కూడా రాకేశ్ మిశ్రా గారి బృందం పండ్ల ఈగల మీద ఈ ప్రోటీన్ల గురించి ఎన్నో ఏళ్లు పరిశోధన చేసింది.

మన సముద్రపు ఒడ్డున ఒక సాక్ష్యం

హంసలదీవి, పాలకాయతిప్ప తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి. మనుషుల్లో ఆడా మగా అన్నది క్రోమోజోములను బట్టి తేలుతుంది. ఈ తాబేళ్లలో అలా కాదు. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువగా మగపిల్లలు పుడతాయి. ఒకే తల్లి గుడ్లు, ఒకే రకం జన్యువులు, తేడా ఇసుక వేడిలోనే.

ఆ వేడి సంగతి జన్యువుకు ఎవరు చేరవేస్తారు? 2018లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు ఇంకో జాతి తాబేలులో దీనికి జవాబు కనుక్కున్నారు. చల్లగా ఉన్నప్పుడు గుర్తులు చెరిపే ఒక ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది. అది మగతనానికి కావలసిన జన్యువు దగ్గర ఉన్న 'మూత' గుర్తును చెరిపేస్తుంది. తూము తెరుచుకుంటుంది. ఆ ప్రోటీన్ తయారవకుండా ఆపితే, చల్లని చోట ఉంచిన గుడ్లలో కూడా చాలావరకు ఆడపిల్లలే తయారయ్యాయి.

బయటి పరిస్థితి లోపలి జన్యువును తాకే దారి ఇలాంటి ప్రోటీన్లే. మనుషుల్లో ఆ బయటి పరిస్థితులంటే తిండి, పొగ, శ్రమ, కొన్ని మందులు.

చదివే ప్రోటీన్ పాడైతే

కొందరు ఆడపిల్లలు పుట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు చక్కగా ఎదుగుతారు. ఆ తర్వాత వచ్చిన మాటలు పోతాయి. బొమ్మ పట్టుకునే చెయ్యి పట్టు తప్పుతుంది. చేతులు ఎప్పుడూ నులుముకుంటూ ఉంటారు. దీన్ని రెట్ సిండ్రోమ్ అంటారు. సుమారు 10 వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

1999లో అమెరికాలోని హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ గారి బృందం దీనికి కారణం కనుక్కుంది. మిథైల్ గుర్తులను చదివే ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపం. గుర్తులన్నీ సరిగానే ఉన్నాయి, చదివేవారే లేరు. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ గారి బృందం ఎలుకల్లో ఆ జన్యువును మళ్లీ పనిచేయించింది. అప్పటికే జబ్బు ముదిరిన ఎలుకలు కూడా చాలావరకు కోలుకున్నాయి. మనుషులకు ఇంకా అంతటి చికిత్స చేతికి రాలేదు, కాని ఆశకు ఆధారం దొరికింది.

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో తల్లిని ఎవరో ఒకరు ఏదో ఒక మాట అంటూనే ఉంటారు. దిష్టి అంటారు, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నదంటారు. అది నిజం కాదు. ఈ లోపం దాదాపు ఎప్పుడూ ఆ బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పే. తల్లి చేసిన తప్పు ఏమీ లేదు.

భీమవరం బిడ్డ, ఫోలిక్ ఆమ్లం

గుర్తులు పెట్టే ప్రోటీన్‌కు మిథైల్ అనే సరుకు కావాలి. అది మన తిండిలోంచి వస్తుంది. దాన్ని అందించే పనిలో ముఖ్యమైన విటమిన్లు రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది బి12.

ఫోలిక్ ఆమ్లం చరిత్రలో మన తెలుగు బిడ్డ పేరుంది. గుడివాడలో రైలెక్కి కైకలూరు, ఆకివీడు మీదుగా పోతే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన సోదరుణ్ణి బలితీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి, 1920ల్లో అమెరికా వెళ్లి, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు కూడా అది పనికొచ్చింది. అంతకు ముందే, 1930 ప్రాంతంలో, లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని గమనించారు. ఆ సారంలో ఉన్నది ఈ విటమినే.

ఇప్పుడు అత్తగారి మాటకు వద్దాం. గర్భంలో బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక గొట్టంలా ఏర్పడతాయి. గర్భం నిలిచిన 28 రోజులకల్లా ఆ గొట్టం మూసుకోవాలి. అంటే నెల తప్పిన రెండు వారాలకే ఆ పని ముగిసిపోతుంది. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామన్న సంగతే తెలియదు. గొట్టం సరిగా మూసుకోకపోతే వెన్నెముక చీలికతోనో, మెదడు ఏర్పడకుండానో బిడ్డ పుడుతుంది. మూడో నెలలో మాత్ర మొదలుపెడితే ఈ లోపం విషయంలో ఆలస్యమైపోయినట్టే.

1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష ఫలితం వెలువడింది. ఇలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులకు మళ్లీ గర్భం నిలవక ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఇదంతా మిథైల్ గుర్తుల వల్లే అనుకోకూడదు. కొత్త డీఎన్ఏ తయారు కావడానికి కూడా ఫోలిక్ ఆమ్లం కావాలి. దారి ఏదైనా, బిడ్డ కోరుకున్న రోజు నుంచే మాత్ర మొదలుపెట్టాలన్నది మాత్రం రుజువైన మాట.

బి12 ను కూడా మరవకండి. పూణేలో యాజ్ఞిక్ గారి బృందం 1990ల నుంచి తల్లులనూ పిల్లలనూ గమనిస్తూ వచ్చింది. గర్భంలో ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించిందని 2008లో తెలిపింది. బి12 మనకు చేపలు, గుడ్లు, మాంసం, పాలలో దొరుకుతుంది. బందరు రేవు పక్కనున్న మనకు చేపకు కొదవ లేదు. మాంసాహారం ముట్టనివారు పాలు, పెరుగు తప్పక తీసుకోవాలి, డాక్టరును అడిగి బి12 పరీక్ష చేయించుకోవాలి.

వలందుల దేశంలో ఆకలి

బందరులో వలందపాలెం అనే పేరు విన్నారు కదా. వలందులంటే డచ్చివారు. 17వ శతాబ్దం ఆరంభంలో వ్యాపారానికి వచ్చారు. బందరుకోటలో వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ డచ్చివారి దేశంలో 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల, ఘోరమైన కరవు వచ్చింది. రోజుకు వెయ్యి కేలరీలు కూడా అందని రోజులు గడిచాయి. 20 వేల మందికి పైగా చనిపోయారు.

ఆ ఆకలి రోజుల్లో కడుపులో పడిన బిడ్డలు పెద్దవాళ్లయ్యారు. సుమారు 60 ఏళ్ల తర్వాత వారి రక్తాన్ని పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు, కరవులో కడుపున పడని వారి సొంత అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో పోలిస్తే తక్కువగా ఉన్నాయి. కొద్ది నెలల ఆకలి గుర్తు అరవై ఏళ్లు నిలిచింది. ఆ కరవు కాలంలో తల్లి కడుపులో ఉన్నవారికి పెద్దయ్యాక రక్తంలో చక్కెర అదుపు తప్పడం ఎక్కువని 1998లోనే మరో పరిశోధన చెప్పింది.

1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమ వాసులకు ఆకలి రోజులంటే ఏమిటో తెలుసు. తుఫాను, వరద వచ్చినప్పుడు సహాయ శిబిరంలో వడ్డించేవారు ఒక్క పని చేయాలి. గర్భిణి, పాలిచ్చే తల్లి ఎక్కడున్నారో ముందు అడిగి వారికి పప్పు, గుడ్డు, పాలు అందేలా చూడాలి. అది ఆ పూట ఆకలి తీర్చడమే కాదు, ఇంకా పుట్టని బిడ్డ ఆరోగ్యం కాపాడటం కూడా.

"వంశంలోనే ఉంది" అనేవారికి

షుగరు వంశపారంపర్యంగా వచ్చే అవకాశం నిజమే. దాన్ని ఎవరూ కాదనరు. కాని వచ్చేది అవకాశం, తీర్పు కాదు. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్నవారిని మూడేళ్లు గమనించింది. నడక, తిండి మార్పు పాటించిన వారిలో షుగరు రావడం 28.5 శాతం తగ్గిందని 2006లో ప్రకటించింది. 2012లో స్వీడన్ పరిశోధకులు ఇంకో సంగతి చూశారు. ఒక్కసారి గట్టిగా వ్యాయామం చేసిన వెంటనే, కండరంలో శక్తిని ఖర్చు చేసే కొన్ని జన్యువుల దగ్గర మిథైల్ గుర్తులు తగ్గాయి. మీరు నడుస్తుంటే లోపల తూములు కదులుతున్నాయన్నమాట.

పొగాకు విషయం చూడండి. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారి రక్తకణాల్లో వేలాది చోట్ల మిథైల్ గుర్తులు మారిపోయి ఉంటాయి. మానేస్తే వాటిలో ఎక్కువ భాగం ఐదేళ్లలోపు మామూలు స్థితికి వస్తాయి. కొన్ని మాత్రం ముప్పై ఏళ్లయినా పోవు. అందుకే ఎంత త్వరగా మానేస్తే అంత మేలు. 'ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మాని ఏం లాభం' అనే మాటకు అర్థం లేదు.

మందుల గురించి రెండు మాటలు

కాన్సర్‌లో కొన్నిసార్లు, కణం అదుపు తప్పకుండా చూసే జన్యువుల మీద మిథైల్ గుర్తులు పడి అవి మూతపడతాయి. గుర్తులు పెట్టే ప్రోటీన్‌ను ఆపే అజాసైటిడిన్ అనే మందును ఒక రకం రక్తవ్యాధికి 2004లో అమెరికాలో అనుమతించారు. ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతుంది.

ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ మందు కూడా గుర్తులు చెరిపే ఒక రకం ప్రోటీన్లను అడ్డుకుంటుంది. గర్భిణి ఆ మందు వాడితే సుమారు పదిమందిలో ఒక బిడ్డకు పుట్టుకతో పెద్ద లోపం వచ్చే ప్రమాదముంది. తెలివితేటల మీద కూడా ప్రభావం పడవచ్చు. కాబట్టి ఫిట్స్ మందు వాడే ఆడపిల్లకు పెళ్లి కుదిరితే, పెళ్లికి ముందే డాక్టరును కలిసి మందు మార్చవచ్చేమో అడగండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. ఎవరికి వారు మందు హఠాత్తుగా ఆపకూడదు. ఫిట్స్ ఆగకుండా వస్తే తల్లికే ప్రాణాపాయం.

ఇంకో హెచ్చరిక. 'మీ జన్యువులను మార్చేస్తాం, వంశపు జబ్బులు పోగొడతాం' అని పొడులు, చుక్కలు అమ్మేవారు మీ దగ్గరకు వస్తే డబ్బు చేతిలోనే ఉంచుకోండి.

ఇంట్లో చేయవలసినవి

1. బిడ్డ కావాలనుకున్న ప్రతి స్త్రీ గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి మూడో నెల నిండే వరకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. ఇంతకు ముందు వెన్నెముక చీలిక బిడ్డ పుట్టి ఉంటే ఎక్కువ మోతాదు కావాలి, డాక్టరును అడగండి.

2. నెల తప్పిన వెంటనే ఆశా కార్యకర్తకు గాని, ఏఎన్ఎం గారికి గాని చెప్పండి. మూడో నెల దాకా ఆగకండి.

3. తోటకూర, పాలకూర, బచ్చలికూర వారానికి నాలుగైదు సార్లు వండండి. కూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఫోలిక్ ఆమ్లం అందులోకి దిగుతుంది. వరి తర్వాత మన చేలల్లో పండే మినుము, పెసర కూడా మంచివే.

4. స్కూల్లో ఆడపిల్లలకు వారానికోసారి ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రను పారేయనివ్వకండి. రేపటి తల్లి ఆరోగ్యం ఇవాళే మొదలవుతుంది.

5. ఇంట్లో షుగరు ఉంటే 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఏటా పరీక్ష చేయించుకోండి. రోజూ అరగంట నడవండి.

6. గర్భిణి ఉన్న ఇంట్లో ఎవరూ పొగ తాగకండి. ఆరుబయట తాగి వచ్చినా బట్టల వాసనతో లోపలికి రాకండి.

వంశంలో జబ్బు ఉన్నవారిని మేం తప్పుపట్టం. లోపంతో బిడ్డ పుట్టిన తల్లిని అసలే తప్పుపట్టం. జన్యువుల్లో చాలా సంగతులు మన చేతిలో లేవు, అన్నీ చేసినా జబ్బు రావచ్చు. కాని పొలం మనం ఎంచుకోకపోయినా, కొన్ని తూముల దగ్గరకు మన చెయ్యి అందుతుంది. షుగరు గురించి అడిగిన అన్నకు మా జవాబు ఇదే. ఈ సాయంత్రం నడక మొదలుపెట్టండి. కోడల్ని తీసుకొచ్చిన అమ్మకు జవాబు కూడా ఇదే. ఇంట్లో ఇంకో కోడలుంటే మూడో నెల దాకా ఆగకుండా ఈ వారమే తీసుకురండి.